కొలిమి దగ్గర రెండు రోజులు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

కత్తుల తయారీని నేర్పడానికి, ఆ పని తెలిసినవారిని నలుగురి ముందు గౌరవించడానికి వారాంతపు సమ్మేళనాలు జరపాలన్న ఆలోచన మీద ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పాఠకులు రాసిన ఉత్తరాలలో కొన్నింటికి ఈ నెల సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: మా ఊరి బడిలో చదువుకున్నవాళ్లం కొందరం కలిసి ఒక శని, ఆదివారాలలో కత్తుల తయారీ శిబిరం పెట్టాలనుకుంటున్నాము. మా మండలంలో ఇద్దరు ముగ్గురు పెద్ద వయసు కమ్మరులు ఇంకా కొలిమి నడుపుతున్నారు. అయితే యువకులు మాత్రం వీడియోలలో చూసిన పెద్ద కత్తులు, చారల చారల డమాస్కస్ కత్తులు చేయాలని పట్టుబడుతున్నారు. రెండు రోజులలో నిజంగా ఏమి నేర్పగలము? ఏర్పాట్లు ఎలా ఉండాలి?
— ఒక ఉపాధ్యాయుడు, దేవరకొండ

సమాధానం: రెండు రోజులలో ఒక మనిషి ఒక చిన్న కత్తిని మొదటి నుండి చివరి వరకు తన చేతులతో చేయగలడు. అంతకు మించి ఆశించకండి, అంతకు తక్కువతో సరిపెట్టుకోకండి. నాలుగైదు అంగుళాల అలుగు (కత్తి కోసే భాగం) గల వంటింటి కత్తిని ఎంచుకుంటే సాగదీయడం, కొస తీయడం, వాలు కొట్టడం, ఆకురాయి పట్టడం, కాల్చి చల్లార్చడం, పిడి బిగించడం, సానపట్టడం అన్నీ అందులోనే వస్తాయి. పొడవైన కత్తికి వచ్చే చిక్కు సుత్తి దెబ్బలలో లేదు. మూరెడు అలుగును మొదలు నుండి కొస వరకు ఒకే వేడిలో ఉంచడం చిన్న కొలిమికి సాధ్యం కాదు. ఒకచోట ఎర్రగా, మరొకచోట నల్లగా ఉన్న అలుగును నూనెలో ముంచితే అది వంకర తిరుగుతుంది. చేసినవాడు రెండు రోజుల శ్రమను వంకర కత్తిగా ఇంటికి తీసుకుపోవలసి వస్తుంది.

మీ యువకులు చూస్తున్న చారల కత్తులు చాలావరకు రెండు రకాల ఉక్కు రేకులను ఒకదాని మీద ఒకటి పేర్చి, కొలిమిలో అతికించి, మడిచి, మళ్లీ అతికించి చేసినవి. అమెరికాలో ఈ పద్ధతికి తిరిగి ప్రాణం పోసినవారిలో బిల్ మోరాన్ ముఖ్యుడు. 1973లో ఆయన అటువంటి కత్తులను ప్రదర్శించాడు, 1976లో కత్తులు చేసే కమ్మరుల సంఘమైన అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ ఏర్పడింది. మీరు తలపెట్టిన వారాంతపు సమ్మేళనాల వంటివి అక్కడ ‘హ్యామర్ ఇన్’ అన్న పేరుతో జరుగుతుంటాయి. అయితే కొత్తవారికి మొదటిరోజే రేకులు అతికించే పని అప్పగించకండి, ఎందుకంటే అతుకు పడని పొర కంటికి కనబడకుండా లోపలే ఉండిపోయి, చల్లార్చినప్పుడు విడిపోతుంది.

అలాగని అతుకు పనిని చూపించకుండా ఉండవలసిన పనిలేదు. మీ మండలంలోని వృద్ధ కమ్మరులలో ఎవరైనా మెత్తని ఇనుప గొడ్డలికి ఉక్కు నోరు అతికించినవారు ఉన్నారేమో అడగండి. ఇనుము నిప్పురవ్వలు చిమ్మబోయే వేడికి వచ్చినప్పుడు మట్టి గాని, వెలిగారం గాని చల్లి, రెండు మూడు తేలిక దెబ్బలతో అతికించే ఆ పని, డమాస్కస్ కత్తి చేసేవాడు చేసే పనికి మూలంలో ఏమాత్రం భిన్నం కాదు. శిబిరంలో ఆదివారం మధ్యాహ్నం ఆ ఒక్క ప్రదర్శన పెట్టండి. వీడియోలు చూసి వచ్చిన కుర్రవాళ్లు తమ ఊరి పెద్దమనిషి చేతిలో ఆ విద్యను చూసిన తరువాత వారి ప్రశ్నలే మారిపోతాయి.

ఇక పని వరుస. శనివారం ఉదయం ఎవరినీ కత్తి జోలికి పోనివ్వకుండా, మెత్తని ఇనుప కడ్డీతో ఒక కొక్కెం చేయించండి. పట్టుకారు పట్టడం, దాగలి మీద దెబ్బ చదునుగా వేయడం, ఇనుము నల్లబడగానే కొట్టడం ఆపి మళ్లీ కొలిమిలో పెట్టడం ఆ కొక్కెంతోనే వస్తాయి. మధ్యాహ్నం లారీ కమాను పట్టీ నుండి కోసిన ముక్కలతో అలుగులు సాగదీయాలి. సాయంత్రం అలుగును ఎర్రగా కాల్చి గాలిలో చల్లారనివ్వడం మూడుసార్లు చేస్తే సుత్తి దెబ్బలకు లోపల ఏర్పడిన ఒత్తిడులు సర్దుకుంటాయి. చివరిగా మరొకసారి ఎర్రబడనిచ్చి, పొడి బూడిదలో పూడ్చి రాత్రంతా వదిలేయండి. ఉదయానికి ఆకురాయికి లొంగేంత మెత్తబడి ఉంటుంది. ఆదివారం పొద్దున ఆకురాయి పని, మధ్యాహ్నానికి ముందు నూనెలో ముంచడం, ఆ తరువాత ఓవెన్‌లో పెట్టి మెల్లగా కాచడం, ఆ కాచుతున్న సమయంలోనే తుమ్మ చెక్కతో పిడి చెక్కుకోవడం. ఈ వరుసలో ఎవరూ ఖాళీగా కూర్చోరు.

ఒక్కొక్క కొలిమికి ముగ్గురి కంటే ఎక్కువ మందిని పెట్టవద్దు. నాలుగు కొలుములు ఉంటే పన్నెండు మంది. పేర్లు ఎన్ని వచ్చినా అక్కడ ఆపేయండి. మిగిలినవారు చూడటానికి రావచ్చు. నవంబరు నుండి ఫిబ్రవరి లోపల పెట్టుకోండి, ఎందుకంటే మన జిల్లాల మే నెల ఎండలో కొలిమి పక్కన నిలబడటం శిక్షే అవుతుంది. పందిరి తప్పనిసరి, అది నీడ కోసం మాత్రమే అనుకోకండి. ఎండలో నిలబడితే ఇనుము రంగు కనబడదు. కమ్మరి కొట్టాలు చీకటిగా ఉండటానికి కారణం పేదరికం అనుకునేవారు ఉన్నారు గాని, కాలిన ఇనుము రంగును కంటితో కొలవాలంటే ఆ చీకటి కావాలి. బొగ్గుకు మన ప్రాంతంలో కరువు లేదు. సర్కారు తుమ్మ బొగ్గు శుభ్రంగా మండుతుంది, రాక్షసి బొగ్గులో ఉండే గంధకం బెడద దానిలో లేదు.

వేడుక విషయంలో ఒక్క సూచన. వేదిక, శాలువాలు, ఉపన్యాసాలు తగ్గించి, ఒక బల్ల పొడవునా మన ప్రాంతపు అలుగులన్నీ పరచండి. గీత కార్మికుడి కత్తి, వరి కోసే కొడవలి, జొన్న చొప్ప నరికే కత్తి, గొర్రె బొచ్చు కత్తిరించే కత్తెర, చెప్పులు కుట్టేవారి రంపె, మంగలి కత్తి, మటన్ దుకాణపు కత్తి, ఇంట్లోని కత్తిపీట. వీటిలో ఏ ఒక్కటీ మరొకదాని పని చేయలేదు. గీత కత్తి తాటి గెలను పల్చని పొరలుగా చెక్కాలి, కాబట్టి దాని అంచు సన్నగా, గట్టిగా ఉండాలి. మాంసం కత్తి ఎముక మీద పడాలి, కాబట్టి దాని అంచు మందంగా, కొంత మెత్తగా ఉండాలి. ఆ పనిముట్లను వాడేవారినే పిలిచి వాటి పక్కన కూర్చోబెట్టి మాట్లాడించండి. కత్తి మంచిదో చెడ్డదో చెప్పే అధికారం చేసినవాడి కంటే వాడేవాడికే ఎక్కువ, అందులోనూ చెట్టు మీద దాని మీద ఆధారపడే గీత కార్మికుడికి మరీ ఎక్కువ.

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ చదువుతున్నాను. కమాను పట్టీతో కత్తి చేసి, ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే టప్పుమని పగిలింది. మా తాత వయసు కమ్మరి ఒకాయన జీవితమంతా నీళ్లలోనే ముంచారు, ఆయనవి పగలలేదు. నేను చేసిన లోపమేమిటి?
— ఒక విద్యార్థి, మహబూబ్‌నగర్

సమాధానం: ఆయన ముంచిన ఉక్కు, మీరు ముంచిన ఉక్కు ఒకటి కాకపోవచ్చు. సాధారణ ఉక్కులో గట్టిదనానికి కారణం అందులోని కార్బన్ మాత్రమే. అది గట్టిపడాలంటే చాలా వేగంగా చల్లారాలి, అందుకు నీళ్లు సరిపోతాయి. కమాను పట్టీలో సుమారు 0.5 నుండి 0.6 శాతం కార్బన్‌తో పాటు సిలికాన్, మాంగనీస్, లేదా క్రోమియం కలిసి ఉంటాయి. ఇవి ఉన్నందువల్ల ఆ ఉక్కు నెమ్మదిగా చల్లారినా గట్టిపడుతుంది. దానిని నీళ్లలో ముంచడం అవసరానికి మించిన వేగం. పైపొర ముందుగా బిగుసుకుపోయి, లోపలి భాగం ఆ తరువాత గట్టిపడుతూ ఉబ్బినప్పుడు, అంచు సన్నగా ఉన్నచోట చీలిక పుడుతుంది.

ఇంకొక సంగతి కూడా ఉంది. ఆయన తన కొడవలిని పూర్తిగా నీళ్లలో పడేసి ఉండరు. అనుభవం ఉన్న కమ్మరి అంచును మాత్రం ముంచి తీసి, వెన్ను భాగంలో మిగిలిన వేడి తిరిగి అంచులోకి పాకుతుండగా, ఆకురాయితో రుద్ది మెరిపించిన చోట రంగులు మారడాన్ని చూస్తూ, తనకు కావలసిన రంగు అంచుకు రాగానే మళ్లీ ముంచుతాడు. గట్టిపరచడం, ఆ గట్టిదనాన్ని కొంత తగ్గించి పెళుసుతనం పోగొట్టడం రెండూ ఆ ఒక్క నిమిషంలో జరిగిపోతాయి. పుస్తకాలలో రెండు అధ్యాయాలుగా ఉన్న విషయమిది. మీరు మొదటి దాన్ని చేసి రెండవ దాన్ని వదిలేసినట్లున్నారు.

కమాను పట్టీకి ఇలా చేయండి. అలుగును చీకటిలో కాలుస్తూ, మధ్యమధ్య దారానికి కట్టిన అయస్కాంతం దగ్గరకు తీసుకురండి. దాదాపు 770 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఇనుము అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. ఆ తరువాత రంగు మరికొంత తేరుకుని, 840 డిగ్రీల ప్రాంతానికి వచ్చేదాకా ఉంచండి. 50, 60 డిగ్రీలకు వెచ్చబరచిన వేరుశనగ నూనెలో గాని, పామాయిల్‌లో గాని కొస ముందుగా, నిలువుగా దించండి. పక్కలకు ఊపితే వంకర వస్తుంది. వాడేసిన ఇంజిన్ ఆయిల్ మాత్రం వద్దు. దాని పొగలో ఏమేమి ఉంటాయో మీ రసాయనశాస్త్ర అధ్యాపకులను అడిగితే చెబుతారు. చల్లారిన అంచు మీద ఆకురాయి పట్టకుండా గాజు మీద జారినట్లు జారిపోతే గట్టిపడినట్లు. వెంటనే, ఆ పూటే, 200 డిగ్రీల ఓవెన్‌లో గంట చొప్పున రెండుసార్లు పెట్టండి. మెరిపించిన చోట లేత గడ్డి రంగు వస్తుంది. వంటింటి కత్తికి అది చాలు. నరికే కత్తి అయితే గోధుమ రంగు దాకా, అంటే సుమారు 250 డిగ్రీల దాకా పోనివ్వాలి. నీలం వచ్చిందంటే 300 డిగ్రీల దరిదాపులకు పోయిందని అర్థం. వెన్నుకు అది మేలు చేస్తుంది, అంచు మాత్రం పదును నిలుపుకోదు.

ఇంటి వంటకు వాడే ఓవెన్‌ను అమ్మగారి అనుమతితోనే వాడండి. నూనె వాసన వారం రోజులు పోదు.

ప్రశ్న: డమాస్కస్ కత్తుల ఉక్కు మన తెలంగాణదేనని అంటారు. మా సమ్మేళనంలో ఆ ఉక్కును మూసలో (ఇనుమును కరిగించే మట్టి పాత్రలో) తయారుచేసి చూపించవచ్చునా? నల్లగొండ ప్రాంతానికి దానితో సంబంధం ఉందా?
— ఒక పాఠకుడు, సూర్యాపేట

సమాధానం: పేరు ఒకటే గాని, పైన చెప్పిన, రేకులు అతికించి చేసే డమాస్కస్ కత్తులు వేరు, మూసలో కరిగించిన ఈ ఉక్కు వేరు. ఈ ఉక్కుకు పేరు తెచ్చుకున్న కేంద్రం మన వైపు లేదు, ఉత్తర తెలంగాణలో ఉంది. నేటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రంలో ఉక్కు తయారీని స్వయంగా చూసిన హెన్రీ వోయ్‌సీ అనే ఆంగ్లేయ వైద్యుడు, భూగర్భ పరిశోధకుడు రాసిన వర్ణన, ఆయన మరణించిన కొన్నేళ్లకు, 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఆ ఉక్కును కొనడానికి పారసీక వర్తకులు వచ్చేవారని అందులో ఉంది. ఇటీవలి కాలంలో బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ఉత్తర తెలంగాణ గ్రామాలలో పాత ఇనుప బట్టీల చిట్టెపు దిబ్బలను (ఇనుము తీయగా మిగిలిన మడ్డి కుప్పలను) సర్వే చేశాయి. మన ప్రాంతపు ఇనుప చరిత్ర వేరొక వైపు నుండి వస్తుంది. నాగార్జునసాగర్ జలాశయంలో మునిగిపోయిన ఏలేశ్వరంలో జరిగిన తవ్వకాలలో పెద్ద పెద్ద రాళ్లతో కట్టిన ప్రాచీన బృహత్‌శిలా సమాధులు బయటపడ్డాయి, అటువంటి సమాధులలో ఇనుప పనిముట్లు దొరకడం దక్షిణ భారతమంతటా కనిపించే లక్షణం. గొప్ప కోసం కోనసముద్రాన్ని నల్లగొండకు జరపవలసిన అవసరం లేదు.

రెండు రోజుల వేదిక మీద మూస ఉక్కు చేయడం మాత్రం మంచి ఆలోచన కాదు. ఇనుప ముక్కలను కార్బన్ ఇచ్చే పదార్థంతో కలిపి, మూత వేసి మట్టితో మూసిన మూసలో గంటల తరబడి 1400 డిగ్రీలకు పైబడిన వేడిలో కరిగించి, మెల్లగా చల్లార్చాలి. వచ్చిన ముద్దలో 1.5 శాతం దాకా కార్బన్ ఉంటుంది. అంత కార్బన్ ఉన్న ఉక్కును మామూలు ఇనుములాగా తెల్లగా కాల్చి కొడితే ముక్కలు ముక్కలవుతుంది, కాబట్టి తక్కువ ఎరుపులో, ఓపికగా, అనేకసార్లు కాల్చి సాగదీయాలి. పైన కనబడే అలల వంటి గీతలు కూడా ప్రతిసారీ రావు. వర్హోవెన్ అనే శాస్త్రవేత్త, పెండ్రే అనే కమ్మరి కలిసి చేసిన పరిశోధనలో ఆ గీతలు ఏర్పడటానికి ముడి ఇనుములో అతి స్వల్పంగా ఉండే వెనేడియం వంటి మూలకాలు కారణమని 1990లలో తేల్చారు. ఇవన్నీ తెలిసినవారితో ఒక సాయంత్రం ప్రసంగం పెట్టించండి. కరిగిన ఉక్కుతో నిండిన మూస పగిలితే చూడవచ్చినవారి కాళ్ల మీద పడుతుంది, కాబట్టి ఆ పనిని ప్రయోగశాలలకే వదిలేయడం మంచిది.

ప్రశ్న: ఇలాంటి సమ్మేళనానికి పోలీసు అనుమతి కావాలా? కత్తులు తయారుచేయడం నేరమవుతుందా?
— ఒక పాఠకుడు, వనపర్తి

సమాధానం: 2016 ఆయుధ నియమాల ప్రకారం 9 అంగుళాల కంటే పొడవైన, లేదా 2 అంగుళాల కంటే వెడల్పైన అలుగు గల కత్తులు, ఖడ్గాలు, బాకులు, ఈటెల వంటివి ఆయుధాల జాబితాలోకి వస్తాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి, శాస్త్రీయ, పారిశ్రామిక అవసరాలకు ఉద్దేశించినవాటికి మినహాయింపు ఉంది. కొడవలి, కత్తిపీట, కూరగాయల కత్తి ఆ మినహాయింపులోనివే. ఖడ్గాలు, బాకుల నమూనాలు చేయడం ప్రారంభిస్తే వ్యవహారం మారుతుంది. ‘అలంకారానికే’ అన్న మాట ఎప్పుడూ రక్షణ కాదు. కాబట్టి వంటింటి కత్తులకు, పొలం పనిముట్లకు పరిమితం కండి; ఏమి చేయబోతున్నారో, ఎంతమంది వస్తారో, ఎక్కడ జరుగుతుందో వివరిస్తూ స్థానిక పోలీసు స్టేషన్‌కు ముందుగా ఒక లిఖితపూర్వకమైన సమాచారం ఇచ్చి, రసీదు తీసుకోండి. చేసిన కత్తులను ఇంటికి తీసుకుపోయేటప్పుడు మందపాటి అట్టలో చుట్టి, సంచి అడుగున పెట్టుకోమని అందరికీ చెప్పండి.

ప్రశ్న: మా నాయనమ్మ మా తాతతో పాటు సమ్మెట వేసేది. ఇప్పుడు జరిగే శిబిరాలలో ఆడవాళ్లను భోజనాల దగ్గర తప్ప కొలిమి దగ్గర పిలవడం లేదు. నాకు నేర్చుకోవాలని ఉంది. శరీరబలం సరిపోతుందా?
— ఒక పాఠకురాలు, నకిరేకల్

సమాధానం: మీ నాయనమ్మగారు చేసిన పనే మీ ప్రశ్నకు జవాబు. కమ్మరి కుటుంబాలలో పట్టుకారు, చిన్న సుత్తి భర్త చేతిలో ఉంటే, తిత్తులు ఊదడం, సమ్మెట వేయడం భార్య చేతిలో ఉండటం మన గ్రామాలలో అందరూ చూసినదే. శ్రమలో బరువైన సగం ఆమెదే, పేరు మాత్రం ఆయనది. కొత్తగా నేర్చుకునేటప్పుడు కిలో బరువున్న సుత్తి చాలు. బరువు ఎక్కువైతే మణికట్టు నొప్పి వస్తుంది గాని పని త్వరగా కాదు. దాగలి ఎత్తును మాత్రం పట్టించుకోండి: చేయి కిందికి వేలాడేసి నిలబడితే పిడికిలి దాగలి పైభాగాన్ని తాకాలి. మగవారి ఎత్తుకు పాతిన మొద్దు మీద పనిచేస్తే భుజాలు పడిపోతాయి, అప్పుడు లోపం బలానిదని అందరూ అనుకుంటారు. కాళ్ల కింద ఒక చెక్క పలక వేయించుకోండి. చీర కొంగు, చున్నీ, పాలిస్టర్ బట్ట ఏదీ కొలిమి దగ్గర పనికిరాదు, మందపాటి నూలు బట్ట కట్టుకుని, జుట్టు ముడి వేసుకోండి. నిర్వాహకులకు మీరే ముందుగా రాయండి. పేరు నమోదు చేసుకోకపోతే ఎందుకో రాతపూర్వకంగా అడగండి.

ప్రశ్న: పదమూడేళ్ల మా అబ్బాయి శిబిరానికి వెళ్తానంటున్నాడు. పంపవచ్చునా?
— ఒక తల్లి, మిర్యాలగూడ

సమాధానం: కొలిమి, సుత్తి పనికి మీలో ఒకరు పక్కన ఉండేలా పంపవచ్చు. తిరిగే గ్రైండర్ దగ్గరకు మాత్రం పంపవద్దు. పంపేముందు నిర్వాహకులను కొన్ని సంగతులు అడగండి. అందరికీ కళ్లద్దాలు, చెవి బిరడాలు ఇస్తున్నారా? నూనె తొట్టికి సరిగ్గా సరిపోయే ఇనుప మూత ఉందా? నూనె అంటుకుంటే మూత వేసి ఆర్పాలి. నీళ్లు పోస్తే మంట ఎగిసి పడుతుంది. జింకు పూత పూసిన పైపులు, రేకులు కొలిమిలో పెడుతున్నారా? వాటి తెల్లని పొగ పీల్చినవారికి ఆ రాత్రే చలిజ్వరం వస్తుంది. వీటికి తడుముకోకుండా జవాబు చెప్పినవారి దగ్గరకు పంపండి.

ప్రశ్న: మేము కమ్మరులం. నగరం నుండి వచ్చిన కొందరు తమ సమ్మేళనానికి మా నాన్నను పిలిచి, రెండు రోజులు పని చూపించమన్నారు. వచ్చినవారి దగ్గర రుసుము తీసుకున్నారు. నాన్నకు శాలువా కప్పి, ఫొటో దిగి పంపారు. మళ్లీ పిలుస్తున్నారు. ఏమి చెప్పాలి?
— ఒక పాఠకుడు, అచ్చంపేట

సమాధానం: ధర చెప్పండి. మీ నాన్నగారు ఆ రెండు రోజులు కొలిమి మూసుకుని వెళ్లారు; నాట్ల ముందు, కోతల ముందు అయితే ఆ నష్టం ఇంకా పెద్దది. నేర్పే రుసుము, రానుపోను ఖర్చు, ఆయన వెంట సమ్మెట వేయడానికి వచ్చే మనిషి కూలి, వాడిన బొగ్గు వేరువేరుగా రాసి పంపి, సగం ముందుగా అడగండి. ఆయన తన పనిముట్లు తీసుకువెళ్తే అవి ఎన్ని, ఏవి అన్నది కాగితం మీద ఉండాలి. ఫొటోలు, వీడియోలు తీస్తే వాటిలో ఆయన పేరు, ఊరు వేయాలని, అక్కడ చేసిన వస్తువులు అమ్మితే వాటా ఇవ్వాలని షరతు పెట్టండి. దీనికి మొహమాటపడవలసింది మీరు కాదు. రుసుము వసూలు చేసే సమ్మేళనంలో గురువుకు ముందు జీతం లెక్కగట్టి, ఆ తరువాతే పందిరి, భోజనం, బ్యానర్ల ఖర్చు చూసుకోవాలని దేవరకొండ ఉపాధ్యాయుల వారికి కూడా ఇదే చెబుతున్నాము.

దీనికి తోడు, 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో కమ్మరం ఉంది, సుత్తి వంటి పనిముట్లు చేసేవారి వృత్తి విడిగా ఉంది. మీ దగ్గరి కామన్ సర్వీస్ సెంటర్‌లో నమోదు చేయించుకుంటే గ్రామ పంచాయతీ స్థాయిలో పరిశీలన జరుగుతుంది. ప్రాథమిక శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయం, 5 శాతం వడ్డీకి మొదటి విడతగా లక్ష రూపాయల వరకు రుణం అందులో ఉన్నాయి. ఒక కుటుంబంలో ఒక్కరికే అవకాశం ఉంటుంది, కాబట్టి మీ నాన్నగారి పేరు మీద తీసుకోవాలా, పనిని ముందుకు నడపబోయే మీ పేరు మీద తీసుకోవాలా అన్నది ఇంట్లో కూర్చుని ముందే తేల్చుకోండి. కరెంటు బ్లోయర్, ఒక మంచి పోత దాగలి కొనగలిగితే ఇకపై వారాంతపు శిబిరాన్ని మీ కొట్టంలోనే, మీ నియమాలతో, మీరే పెట్టవచ్చు.